టేపు కట్టిన రాగి తీగ

తండ్రి పోయిన నెలకే అన్నగారు వీధి వైపు గది తను ఉంచుకుని, వెనక రేకుల కొట్టు తమ్ముడి మొహాన కొట్టాడు. పైగా తండ్రి పాత రేడియో అతని చేతిలో పెట్టి, "నాది పెద్ద మనసురా, తీసుకో" అన్నాడు. రేకుల కింద ఆ రేడియో గురగురమనడం తప్ప మాటాడింది లేదు.

తమ్ముడు దర్జీ. నిద్రలో కూడా మెడలో టేపు తియ్యడు కనుక వీధంతా అతన్ని టేపు అనే పిలిచేది. పదిహేనేళ్లు ఆ గురగురని భరించాడు. కానీ ఆ రోజు సాయంత్రం నాలుగింటికి, దూరపు పట్నంలో ఉద్యోగానికి కుదిరిన అతని కూతురు మొట్టమొదటిసారి రేడియోలో వాతావరణం చదవబోతోంది. రెండే నిమిషాలు. అన్నగారి గదిలో రేడియో గంటలా మోగుతుంది. అయితే ఆ గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడి సొంత బిడ్డ గొంతు వినడం టేపు వల్ల కాదు.

పొద్దున్నే పక్క కొట్టు ఫ్యాన్ల మేస్త్రీ మీదికి వెళ్లి పడ్డాడు. "బావా, నా రేకులు నా కూతుర్ని లోపలికి రానివ్వట్లేదు. ఏదో ఒకటి చెయ్యి."

మేస్త్రీ కాలిపోయిన ఫ్యాను మోటారులోంచి రాగి తీగ విప్పి ఇచ్చాడు. "వీధి వైపు మేడ పిట్టగోడ నుంచి నీ కొట్టు దాకా ఎత్తుగా కట్టు. గోడకీ రేకుకీ తగలనివ్వకు. కొస తెచ్చి రేడియో ఏరియల్‌కి చుట్టు."

టేపు మేడెక్కాడు. తీగ గోడకి తగలకుండా రెండు చివర్లా కోటు గుండీలు కట్టాడు. ఒక కన్నంలో తీగ, ఇంకో కన్నంలో నూలుతాడు. చివర రెండు జానలు మడిచి వదిలేశాడు.

"అదెందుకు బావా?" కింద నుంచి మేస్త్రీ.

"ప్యాంటు కుట్టులో లాగా ఖర్చుకి వదిలా. రేపు తీగ ఒళ్లు చేస్తే వదులు చేసుకోవద్దూ?"

దారిన పోయేవాళ్లు పగలబడి నవ్వారు. టేపూ నవ్వాడు, మేడ మీంచి పడబోయి నిలదొక్కుకున్నాడు.

ఏరియల్‌కి తీగని కాజా కుట్టినంత నీటుగా పన్నెండు చుట్లు చుట్టి రేడియో పెట్టాడు. గురగుర. పావు తక్కువ నాలుగైంది. టేపు గుమ్మంలోకి ఉరికి మేస్త్రీని కేకేశాడు.

మేస్త్రీ వచ్చి తీగ కొస కంటి దగ్గర పెట్టుకుని చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఒంటి నిండా వార్నిష్ బావా దీనికి, రాగి ఏరియల్‌కి తగిలితేగా! తొడగడమే గానీ విప్పడం నేర్వలేదు నువ్వు. గీకు."

కుట్లు విప్పే బ్లేడుతో టేపు గీకాడు, ఎర్రటి రాగి తళుక్కుమనేదాకా. మళ్లీ చుట్టేసరికి నాలుగైంది, రేడియో గొంతెత్తింది. రేపు పొడి వాతావరణం ఉంటుందని కూతురు చెబుతోంది. టేపు కళ్లు మాత్రం తడిసిపోయాయి. సగం కుట్టిన ప్యాంటు భుజాన వేసుకుని, మేస్త్రీని పట్టుకుని మిషను చుట్టూ గిరగిరా తిరిగాడు. మర్నాడు కుండపోతగా వాన కురిస్తే, తప్పు ఆకాశానిదేనని వీధంతా తిరిగి వాదించాడు.

మొన్న టేపు మేస్త్రీ కొట్టుకి వెళ్లి, కూతుర్ని ఇంకా దూరపు స్టేషనుకి మార్చారని చెప్పి, మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ అన్నాడు: "ఈసారి తీగ ఇంకా పొడుగు కావాలి బావా. నీ దగ్గర ఇంకెన్ని ఫ్యాన్లు తగలబడ్డాయి?"