పచ్చి రంగులో వేలిముద్ర

కంది ఊరి దగ్గర రోడ్డుకు తారు పోస్తున్నారు. బస్సు ఆగినప్పుడు ఆ వాసన కిటికీలోంచి వచ్చింది. ఒకప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ అదే వాసన. మా నాయిన మల్లయ్య వెదురుబద్దలతో పెద్ద బుట్టలా పుట్టి అల్లి, నీళ్లు దిగకుండా అడుగున తారు పూసేవాడు. చెరువులో చేపలు పట్టే మావాళ్లందరివీ ఆ గుండ్రటి పడవలే. ఊరూరా తిరిగి నీటిరంగులతో పడవల బొమ్మలు వేసే శేషగిరి గారు ఎనభైల చివర్లో వాటికోసం వచ్చారు. ఆయన పోయారని పోయిన నెల ఉత్తరం అందింది.

మొదటి బొమ్మను ఆయన నాయినకు చూపించారు. నాకు చాలా అందంగా కనిపించింది. నాయిన చాలాసేపు చూశాడు.

"బాగనే ఉన్నది సారూ. గని దీంట్ల నువ్వే కూసోవాలె, నేనైతే కూసోను."

"ఏం తప్పు చేశాను మల్లయ్య గారూ?"

"అంచు కాడ బద్దలు ఒకటి మీదికెల్లి, ఒకటి కిందికెల్లి పోవాలె. నువ్వు అన్నీ మీదికెల్లే తోలినవ్. జెర గాలొస్తే ఇప్పుకపోతది."

శేషగిరి గారు ఆ కాగితం పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. మూడోది చూశాక నాయిన "ఇగ ఇది నా పుట్టే" అన్నాడు. అప్పుడు మూలన ఇంకా ఆరని పచ్చి నీలంలో నాయిన బొటనవేలు ముద్ర వేయించి, ఆయన పేరు, తేదీ, చెరువు పేరు రాశారు. తన సంతకం కాగితం వెనక పెట్టారు. ఆ తర్వాత ఏటా వచ్చి ఎవరి పుట్టి వేసినా అదే పద్ధతి. "చూసేవాళ్లకు బాగుంటే చాలదమ్మా, అందులో కూర్చునేవాళ్లు నమ్మాలి" అని నాతో అన్నారు.

కొన్నేళ్లకు కంపెనీల మురికినీళ్లు చెరువులో కలిశాయి. చేపలు చచ్చాయి. పనికిరాని పుట్లు పొయ్యిలోకి పోయాయి. నష్టం విచారించడానికి వచ్చిన అధికారి ముందు ఒక కంపెనీ మనిషి, ఇక్కడ ఎన్నడూ ఎవరూ చేపలు పట్టలేదని చెప్పాడు. చూపించడానికి మా దగ్గర ఒక్క పుట్టీ లేదు. రుజువు తెమ్మని అధికారి వారం గడువిచ్చాడు. నేను ఉత్తరం రాస్తే శేషగిరి గారు బొమ్మల కట్టతో బస్సు దిగారు.

"బొమ్మలు ఎక్కడైనా కూర్చుని వేయొచ్చు" అన్నాడు కంపెనీ మనిషి.

నాయిన లేచి, బొటనవేలు సిరాలో అద్ది తెల్లకాగితం మీద నొక్కాడు. "సూడుండ్రి సారూ, నా ఏలు గూడ ఆడనే కూసోని ఏసిండా?"

ఎప్పుడో వెదురుబద్ద కోసుకున్న గాటు, బొమ్మ మీదా కాగితం మీదా రెండు ముద్రల్లోనూ ఒకే చోట ఉంది. అధికారి ఒక్కొక్కరినీ పిలిచి సరిచూసి, చెరువు మీద బతికినవాళ్లమని మా అందరి పేర్లూ రాసుకున్నాడు. బయట మావాళ్లు శేషగిరి గారిని భుజాలకెత్తుకుంటే, బొమ్మలు నలుగుతాయి, దింపండని ఆయన బతిమాలుకున్నారు.

నేను ఇప్పటికీ ఎవరి గురించి రాసినా ముందు వాళ్లకు చదివి వినిపిస్తాను. ఇది వినడానికి ఆయన లేరు. అందుకే నాయినకు చదివాను. రెండుచోట్ల ఆపి దిద్దించాడు. మూడోసారి చివరిదాకా విన్నాడు.

"ఇగ ఇది ఆ సారే," అన్నాడు. "సిరా తే."