సొరబుర్ర నేర్పిన ఆంటీ

పోయిన మంగళవారం ఆఫీస్ నుంచి బయటికి వస్తుంటే ఫోన్ మోగింది. "అమ్మ పొద్దున వెళ్ళిపోయింది" అంది ఆంటీ కూతురు. సన్నీవేల్‌లో మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండి, నాకు హవాయి వాద్యం నేర్పిన మనిషి ఇక లేరు. కారు ఎక్కడ పెట్టానో గుర్తు రాక పార్కింగ్ లాట్‌లో చాలాసేపు తిరిగాను.

ఆవిడది హవాయి. అక్కడా పెద్దవాళ్ళను ఆంటీ అనే పిలుస్తారట. దాంతో మాకు వరస కలపడం తేలికైంది.

ఎండిన సొరబుర్రలు రెండింటిని ఒకదానిమీద ఒకటి అతికించిన వాద్యం ఆవిడది. పేరు ఇపు. చాపమీద మోదితే లోతుగా "ఊ" అంటుంది. పక్కన వేళ్ళతో చరిస్తే "తే" అంటుంది.

"మేం దీంతో పప్పు చేసుకుంటాం ఆంటీ" అన్నాను మొదటిసారి చూసి.

ఆవిడ పకపకా నవ్వారు. "ముదరనిస్తే పాడేది. మీకు ఓపిక లేక తినేశారు."

ప్రతి శనివారం నేర్పేవారు. పాటలో వాన వస్తే, అది ఏ కొండమీద కురిసే వానో, దాని పేరేమిటో చెప్పాకే ఇపు చేతికిచ్చేవారు. నేను తొందరపడితే, "ఎక్కడికి పరుగు? పాట ఇక్కడే ఉందిగా" అనేవారు.

మూడో ఏడు పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచేయి పడిపోయింది. చూడటానికి వెళ్తే చాప చుట్టేసి ఉంది.

"ఇపు నువ్వు తీసుకుపో. నాకిక పనిలేదు."

నేను చాప పరిచి కూర్చున్నాను. "మీరు పాడండి ఆంటీ, నేను కొడతాను."

ఆవిడ ఎడమచేత్తో నా వీపు తట్టారు. "నడుం నిటారుగా పెట్టు" అన్నారు.

ఆ వేసవిలో ఆవిడ మనవరాలి పెళ్ళి. చిన్నప్పుడు అమ్మమ్మ తనకు నేర్పిన పాట ఆ పెళ్ళిలో పాడాలని ఆవిడ కోరిక. "వీసా స్టాంపింగ్‌కి కూడా ఇంత టెన్షన్ పడలేదు కదే నువ్వు!" అని మా ఆయన నవ్వాడు. పెళ్ళి రోజు పార్క్‌లో చక్రాల కుర్చీలో ఆవిడ, పక్కన చాపమీద నేను. సగంలో నా చేయి తడబడింది. ఆంటీ నన్ను వదిలి ముందుకు పోలేదు. పట్టిన స్వరాన్ని అలాగే సాగదీస్తూ, నాకు తాళం దొరికేదాకా ఊపిరి నిలబెట్టారు. పాట అయ్యాక నా చేతిని తీసుకుని తన కుడిచేతి మీద పెట్టుకున్నారు.

ఉద్యోగం మారి వేరే రాష్ట్రంలోని చాండ్లర్ వచ్చేశాం. "ఎప్పుడొస్తావ్?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవారు. "ఆఫీసులో ఈ రిలీజ్ అవగానే టికెట్ బుక్ చేస్తా ఆంటీ" అనేదాన్ని. వెళ్ళలేదు.

సన్నీవేల్‌లో మేం ఇల్లు ఖాళీ చేసిన రోజు ఆవిడ తన కిటికీ దగ్గర కూర్చున్నారు. ఎడమచేతి వేళ్ళతో అద్దంమీద తాళం వేస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. కారు కదిలింది. ఏ పాటో వినబడలేదు.