మనిషి ఖాళీ గలదు

ఆ రోజుల్లో నేను పసిదాన్ని. వయసు లెక్కన కాదు, అక్షరాల లెక్కన. వయసు చూస్తే యాభై దాటింది, మోకాళ్లు అప్పటికే నా మాట వినడం మానేశాయి. కానీ చదవడం కొత్తగా వచ్చింది కదా, రోడ్డు మీద కనిపించిన ప్రతి బోర్డునూ పైకి చదువుకుంటూ నడిచేదాన్ని. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కాస్త జరిగి కూర్చునేవారు. చిన్నప్పుడు బడికి పోయినవాళ్లకు ఈ పిచ్చి ఆరేళ్లకో ఏడేళ్లకో వచ్చి పోతుంది, ఎవరూ పట్టించుకోరు. నాకు జుట్టు నెరిశాక వచ్చింది, అందరూ చూశారు. ఆ పిచ్చిలోనే నా బయోడేటా నేనే రాసుకున్నాను. ఆ సంగతే చెబుతాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. (అనుకున్నా మీకు తెలియదు.)

మా ఆయన బోర్డులు రాసే పెయింటరు. సీతాఫల్‌మండిలో టైలర్ షాపు, కిరాణా కొట్టు, మేకల మాంసం దుకాణం, ఏది చూసినా ఆయన చేతి రాతే. నేను ఒక కాలేజీ మెస్సులో వంట చేసేదాన్ని. ఇద్దరం పొద్దున్నే పోయి చీకటిపడ్డాక వచ్చేవాళ్లం, కొట్లాడుకోవడానికి కూడా తీరిక ఉండేది కాదు. ఒక పొద్దున ఆయన కుడి పక్క మొత్తం పడిపోయింది. చెయ్యి, కాలు, నోరు సగం. నేను మెస్సు మానేశాను. మొదట్లో ఆయన ఊరికే కప్పు వైపు చూస్తూ పడుకునేవాడు. నేను జావ పట్టుకుని పోతే మొహం తిప్పుకునేవాడు. బ్రష్ పట్టిన చెయ్యి పక్కన కట్టెలా పడి ఉంటే మనిషికి జావ ఎలా దిగుతుంది?

ఒక రోజు సైగ చేసి బొగ్గు ముక్క అడిగాడు. ఎడమ చేత్తో మంచం పక్క గోడ మీద ఒక అక్షరం గీశాడు. వంకరగా, వణుకుతూ. దాని కింద నన్ను రాయమన్నాడు. అది 'అ' కాదు, 'టై'. టైలర్‌లో 'టై'.

"అందరు అ ఆల నుంచి షురూ చేస్తరు గద?" అన్నాను.

"అ ఆలు నేర్సి ఏం జేస్తవే? బోర్డు సదువు. బయటికి వోతే తొవ్వ దొర్కుతది," అన్నాడు వంకర నోటితో. చాలా రోజుల తర్వాత ఆయన అంత పొడుగు మాట మాట్లాడడం అదే.

అలా నా చదువంతా బోర్డులే. 'మా వద్ద', 'చేయబడును', 'గలదు', 'లేదు', 'అప్పు అడగరాదు'. అక్షరం రాస్తే సరిపోదు, దానికి కుడివైపు కిందుగా నీడ కూడా వేయాలి. మరిచిపోతే గోడ మీద ఎడమ చేత్తో తట్టేవాడు. "నీడ యాడ? నీడ లేకుంటె అక్షరం గోడకే అతుక్కుంటది. నీడ వెడ్తే లేచి నిలవడ్తది." ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని రాసుకున్నా నీడ వేసేదాన్ని. కొన్నేళ్లకు ఆ గోడ ఆయన ఎడమ చెయ్యి అందినంత మేరా నల్లబడిపోయింది. పైన ఆయన వంకర అక్షరం, దాని కింద నా వంకర అక్షరం.

ఎనిమిదేళ్లు మంచం మీదే ఉండి ఆయన పోయాడు.

కర్మలన్నీ అయ్యాక కాప్రా నుంచి మా తమ్ముడు వచ్చాడు. "అక్కా, ఒక్కదానివి ఈ అర్రల ఏం జేస్తవ్? మా ఇంటికి రా. మా పెద్దోడికి పిల్ల పుట్టింది, నీకు సుత టైంపాస్ అయితది," అన్నాడు. వాడు మంచివాడే. కానీ టైంపాస్ అంటే ఏమిటో నాకు తెలుసు: వంటింటి పక్కన ఒక చాప, చేతిలో ఎప్పుడూ ఎవరిదో ఒక పిల్ల. అదీ పెద్ద బాధ కాదు. మాది అద్దె గది, నేను ఖాళీ చేస్తే ఇంటి ఓనరు మర్నాడే గోడలకు సున్నం కొట్టిస్తాడు. ఆ మాట తమ్ముడితో అనలేకపోయాను. గోడ కోసం ఉంటానంటే మతి పోయిందంటాడు.

"పని దొర్కితే ఉంట. పండుగ దాక చూస్త, దొర్కకుంటె వస్త," అన్నాను.

"ఇన్నేండ్ల తర్వాత నీకెవడిస్తడక్కా పని?" అన్నాడు. వాడు సుత (చూశారా, 'కూడా' అని రాద్దామన్నా మా మాట వదలదు) అబద్ధం చెప్పలేదు.

ఉద్యోగం చేసుకునే ఆడపిల్లల హాస్టల్ ఒకటి మా పక్క వీధిలోనే ఉంది. వంటమనిషి కావాలని గేటుకు అట్ట కట్టారు, నేనే చదివాను. లోపలికి పోయి అడిగితే మేడం ఫోన్ చెవి నుంచి తీయకుండానే "బయోడేటా పట్టుకురామ్మా" అంది. బయోడేటా అంటే పెళ్లిళ్లకే అనుకునేదాన్ని. రెజిమెంటల్ బజార్‌లో జిరాక్స్ షాపాయన దగ్గరికి పోయి, అందులో ఏం రాయాలో చెప్పమన్నాను.

"పేరు, పుట్టిన తారీఖు, ఏం పని వచ్చు, పిల్లలెంతమంది. నేను ఇంగ్లీషుల కొట్టిస్త, కూసో అమ్మా."

"వద్దు. నాకు రాసుడు వస్తది."

"సరే. మధ్యల గ్యాప్ ఉంటే అది జెర మంచిగ రాయాలె, పక్కా అడుగుతరు."

"గ్యాప్ అంటే?"

"ఖాళీగున్న టైము."

"నేనెన్నడు ఖాళీగున్ననయ్యా?" అన్నాను. నా గొంతు పెద్దదయినట్టుంది, జిరాక్స్ తీయించుకునేవాళ్లు తిరిగి చూశారు. ఆయన ఒక తెల్ల అట్ట చేతిలో పెట్టి, "రాసుకో తల్లీ, రాసుకో," అన్నాడు.

రాసుకున్నాను. రోజంతా పట్టింది. నాకు తెలిసిన మాటలు గోడ మీద ఉన్నవే, అందుకని ఏ సంగతికి ఏ మాట సరిపోతుందో గోడ దగ్గర నిలబడి వెతుక్కున్నాను. పైన నా పేరు పెద్దగా, నీడతో. దాని కింద 'ప్రొప్రయిటర్: స్వయముగా'. పుట్టిన తారీఖు తెలియదు కాబట్టి 'స్థాపితము: పెద్ద వానల ఏడు'. ఆ తర్వాత 'మా వద్ద శాకాహార, మాంసాహార భోజనము శుభ్రముగా తయారు చేయబడును'. జీతం సంగతికి 'ఒకే మాట, ఒకే ధర'. పిల్లలు లేరన్నదానికి 'మాకు ఎచ్చటను బ్రాంచీలు లేవు'. గ్యాప్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చివరికి, రోడ్డు తవ్వినప్పుడు పెట్టే బోర్డు ఒకటి ఆయన నేర్పింది గుర్తొచ్చింది. 'మరమ్మతుల నిమిత్తము ఎనిమిదేండ్లు మూసివేయబడినది. అసౌకర్యమునకు చింతించుచున్నాము'. అన్నిటికంటే కింద, ఇంటి అద్దె బోర్డు తలుచుకుని 'మనిషి ఖాళీ గలదు. వెంటనే విచారించండి'.

రాశాక దూరంగా జరిగి చూసుకున్నాను. ఒక్క నీడ తప్పలేదు. ఆయన ఉంటే గోడ తట్టేవాడు కాదు.

హాస్టల్ మేడం గోదావరి వైపు మనిషి, నాకంటే చిన్నదే. అట్ట చూసి కళ్లజోడు సర్దుకుంది. "ఇదేవిటమ్మా! బయోడేటా తెమ్మంటే కర్రీ పాయింట్ బోర్డు పట్టుకొచ్చావ్?" అంది. ఇంకో లైను చదివి, "బ్రాంచీలు లేవా? అంటే?"

"పిల్లలు లేరని, మేడం."

ఇక ఆమె ఆగలేదు. బల్ల మీద తల పెట్టి నవ్వింది, లోపలి నుంచి ఇద్దరు ఆడపిల్లలను పిలిచి చూపించింది, వాళ్లు ఫోటో తీసుకున్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పటిదాకా అది నవ్వొచ్చే కాగితమని నాకు తెలియదు. ఆ గదిలో ఆ సంగతి అందరికంటే ఆఖరున తెలిసింది నాకే.

"ఎనిమిదేళ్లు ఏం మరమ్మతులమ్మా, మోకాలు ఆపరేషనా?" అని అడిగింది మేడం, కళ్లు తుడుచుకుంటూ.

"మా ఆయనకు పక్షవాతమొచ్చింది."

"అయ్యో. ఇప్పుడెలా ఉన్నారూ?"

"మరమ్మత్ కాలే, మేడం."

పిల్లలిద్దరూ మెల్లగా లోపలికి పోయారు. మేడం అట్టను తిప్పి, ఏమీ లేని వెనక వైపు కాసేపు చూసింది. "చూడమ్మా, ఏమీ అనుకోకు. ఎనిమిదేళ్లు పొయ్యి ముందు నిలబడని మనిషికి ఇంతమంది వంట ఎలా అప్పగిస్తాను?"

"ఎనిమిదేండ్లు పొయ్యి ముందల్నే ఉన్న. ఒక్క మనిషికి వండిన, గంతే. ఉప్పులేని జావ."

"అదేనమ్మా నేననేది," అంది ఆమె. కూరగాయలు తరగడానికి, వడ్డించడానికి అయితే రేపటి నుంచే రమ్మంది. మెస్సులో నా చేతి కింద ఆ పని చేసిన వాళ్లుండేవారు. సరే అన్నాను. గది నిలుస్తుంది కదా.

మేడం ఆ అట్టను పారేయలేదు. భోజనాల గదిలో, నేను వడ్డించే చోటికి సరిగ్గా పైన అంటించింది. మంచి మనసుతోనే చేసిందట. పిల్లలు నాకు 'అసౌకర్యం ఆంటీ' అని పేరు పెట్టారు. "అసౌకర్యం ఆంటీ, ఇంకో గరిటె సాంబార్!" అని కేక. రోజూ రాత్రి ఇంటికి వచ్చి, గోడ ముందు కూర్చుని, "నీ చదువు నన్ను ఎక్కడ నిలవెట్టిందో చూడు," అని ఆయన్ని తిట్టేదాన్ని. కొన్ని నెలలు చూసి మేడంను అడిగాను, ఆ అట్ట తీసేయమని. "అరెరే, నీకు కష్టంగా ఉందా? ముందే చెప్పొద్దూ! ఆదివారం తీయించేస్తాలే," అంది.

ఆ శనివారం పని నుంచి వచ్చి లైటు వేస్తే గదిలో వెలుగు ఎక్కువగా ఉంది. నేను పగలంతా హాస్టల్లో ఉంటాను కాబట్టి నల్లా నీళ్లు పట్టి పెట్టమని ఇంటి ఓనరు భార్యకు ఒక తాళం చెవి ఇచ్చి పోయేదాన్ని. ఆమె మెట్ల మీద నుంచే సంబరంగా అంది: "అక్కా, మా దాంట్ల సున్నం మిగిలింది. నీ గోడంత బొగ్గు గీతలు, గలీజ్‌గుండె. కొట్టిపిచ్చినం. నీ ఆయన పోయినంక నువ్వు పట్టించుకుంటలేవని పాపం మేమే…"

"మంచిగైంది," అన్నాను. ఇంకేమంటాను? గోడ కోసం పనికి పోయాను. పనికి పోయాను కాబట్టి గోడ పోయింది. చెయ్యి వేసి చూస్తే ఇంకా తడిగా ఉంది. 'తడి పెయింటు, ముట్టరాదు' అని ఆయన నేర్పిన బోర్డు కూడా దాని కిందే ఎక్కడో ఉంది.

మర్నాడు ఆదివారం. నేను పోయేసరికి హాస్టల్ వాచ్‌మన్ కుర్చీ వేసుకుని అట్ట ఒక మూల ఊడదీస్తున్నాడు. "ఉండనియ్," అన్నాను. "మేడమే తీయమంది," అన్నాడు. "నేను జెప్తున్న గద, దిగు," అన్నాను. దిగాడు. మూల మళ్లీ అంటించి, నిలబడి మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాను. వంకర అక్షరాలు. ఆయన ఎడమ చెయ్యి ఎటు వణికిందో నా కుడి చెయ్యి అటే వణికింది. నేను అదే సరైన రాత అనుకుని నేర్చుకున్నాను మరి.

వెనక నుంచి ఒక పిల్ల కంచం పట్టుకుని వచ్చింది. "ఏంటి అసౌకర్యం ఆంటీ, మరమ్మతులు అయిపోయాయా?"

"నడుస్తున్నయ్ బిడ్డా. జెర ఓర్సుకోర్రి," అన్నాను.

ఇప్పుడు నాకు ఒత్తులు కూడా బాగా వచ్చు, ఇదంతా నేనే రాశాను, నీడలు లేకుండా. కానీ ఆ అట్ట రాసినామె గుర్తొస్తే కాస్త నవ్వొస్తుంది: ఊరందరికీ తెలిసిన మాటలతోనే రాశాననుకుని, చంకలో అట్ట పెట్టుకుని, దారి పొడుగునా బోర్డులు పైకి చదువుకుంటూ, పనికోసం పోతూ ఉంటుంది. ఆపి, జనం నవ్వుతారని చెబుదామనిపించదు. పోనీ.