మూడు బాణాలు, ఒక గుంత

పరుపుల చాచా ఆళ్లగడ్డ నుంచి ట్రాలీ ఆటోలో బురదపట్టిన డబుల్ కాట్ పరుపొకటి తెచ్చి, నంద్యాలలో మా ఆఫీసు మెట్లెక్కించి, పెద్దసారు గది తలుపుకు అడ్డంగా పరిచి, చెప్పులు విప్పి దాని మీద కూర్చున్నాడు. పెద్దసారు లోపలే ఉన్నాడు. ఆ తలుపు బయటికి తెరుచుకునే రకం. "బేటా, మీ కంప్యూటర్లో పసుపు రంగు పోయేదాంకా నేనీడే ఉంటా. మీ సారుకు చెప్పు. నాకేం తొందర లేదు, పరుపు తెచ్చుకున్యా" అన్నాడు నన్ను చూసి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

ఆ రోజుల్లో, అంటే పత్రికలో చేరి ఊళ్లోవాళ్ల తప్పులు రాసి బతకడం నేర్చుకోకముందు, నేనే ఒక పెద్ద తప్పు చేశాను. ఎంతో ఇష్టపడి, శ్రద్ధగా చేశాను. వీధుల్లో నీళ్ల పైపులు వేసే కాంట్రాక్టరు ఒకడు, కరెంటు స్తంభాలు మార్చేవాడు ఒకడు, సిమెంటు రోడ్లు పోసేవాడు ఇంకొకడు. ఈ ముగ్గురి పనులనూ ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, ఏది ఎంతవరకు వచ్చిందో పైవాళ్లకు చూపించడం మా చిన్న కంపెనీ పని. ముగ్గురికీ మూడు ప్రాజెక్టులు, ఒక్కో పనికి టికెట్టు అని ఒక్కో నమోదు. పని పూర్తయితే ఆకుపచ్చ, గడువు దాటితే ఎరుపు. మా పెద్దసారు అక్షరాలు చదివేవాడు కాదు, రంగులు చూసేవాడు. "ఎర్రది కనపడగూడదప్పా" అనేది ఆయన మాకిచ్చిన శిక్షణ మొత్తం. (చేరిన రోజే ఇచ్చాడు. మళ్లీ ఇవ్వలేదు.)

ఆళ్లగడ్డలో మా వీధి చివరే చాచా పరుపుల అంగడి. దాని ముందర పైపుల కోసం తవ్విన గుంత నెలల తరబడి నోరు తెరుచుకుని ఉండేది. దాని మీద ఒక చెక్క వేసుకుని జనం అంగట్లోకి పోయేవారు. మనిషైతే ఆ చెక్క మీద ఎలాగో నడుస్తాడు గానీ, పరుపు నెత్తిన పెట్టుకున్న మనిషి నడవలేడు. పెళ్లిళ్ల కాలం దగ్గర పడుతోంది. చాచాకు ఏడాది గడిచేది ఆ రెండు నెలల్లోనే. ఒకరోజు టికెట్లు తిరగేస్తుంటే ఆ గుంత మూడు ప్రాజెక్టుల్లో మూడు పేర్లతో కనబడింది. స్తంభం అడ్డముందని పైపులవాళ్లు ఆగారు. గట్టి రోడ్డు లేనిదే క్రేను నిలబడదని స్తంభాలవాళ్లు ఆగారు. పైపు పడనిదే సిమెంటు పొయ్యబోమని రోడ్డువాళ్లు ఆగారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నాకు ఒళ్లు పులకరించింది. ఒక ప్రాజెక్టులోని టికెట్టును ఇంకో ప్రాజెక్టులోని టికెట్టుకు ముడివేసే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. 'ఇది దాని కోసం ఆగింది' అని బాణం గీయవచ్చు. గీశాను, మూడు బాణాలు. ఇక ముగ్గురికీ విషయం తెలిసిపోతుంది, కూర్చుని మాట్లాడుకుంటారు, గుంత పూడుతుంది. ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా అంగడికి పోయి, "వారంలో అయిపోతాది చాచా, నేనే ముడేసినా" అన్నాను. ఆయన దూది ఏకడం ఆపి, "మీ నాయన పంతులు. ఆయన కొడుకు అబద్ధం చెప్పడులే" అన్నాడు.

నేను గమనించని సంగతి ఒకటుంది. బాణం గీసిన టికెట్టు పసుపు రంగుకు మారుతుంది. పసుపు అంటే 'ఆగి ఉంది' అని అర్థం. ఆగి ఉన్న పనికి గడువు లెక్క ఉండదు. నా మూడు బాణాలూ గుండ్రంగా తిరిగి వాటి తోకలనే అవి పట్టుకున్నాయి కాబట్టి, మూడు టికెట్లూ కలకాలం పసుపుగానే ఉండగలవు. ఈ రహస్యం నాకంటే ముందు కాంట్రాక్టర్లకు అర్థమైంది. కనీసం ఫోను చేసుకుని మాట్లాడుకున్నారా అంటే, లేదు. మా ఆఫీసుకు ఫోన్లు చేసి, "మా కోయిలకుంట్ల పనికి గూడ ఒక బాణమెయ్యప్పా" అని అడగడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి మా తెర పొద్దుతిరుగుడు చేను పూసినట్టు పసుపుతో కళకళలాడింది. పెద్దసారు నా భుజం తట్టి అందరికీ లడ్డూలు తెప్పించాడు. నేను రెండు తిన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

అట్లా ఉండగా కోయిలకుంట్ల పెళ్లివారి పరుపు, మోస్తున్న మనిషితో సహా, చెక్క మీంచి గుంతలో పడింది. మనిషి లేచాడు, పరుపు లేవలేదు. ఇప్పుడు సారు గుమ్మంలో పరిచి ఉన్నది అదే. గుంత ఎందుకు పూడలేదని చాచా అడిగితే పసుపు కథంతా ఆయనకు చెప్పింది నేనే.

"ఎవురప్పా తలుపుకు అడ్డం?" అన్నాడు పెద్దసారు లోపలి నుంచి.

"పరుపు సార్. ఆళ్లగడ్డ గుంతది."

"అది పసుపు కదప్పా. ఆలస్యం కింద రాదే."

చాచా గొంతు సవరించుకుని, తలుపుకేసి మర్యాదగానే చెప్పాడు. "మీదీ ఆలస్యం కాదు సార్. మీరు బయటికొచ్చేది నేను లేసేదానికోసం ఆగింది. అంతే."

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను. చాచా నా వైపు తిరిగాడు. "ముడేసింది నువ్వే కదా బేటా. పెళ్లోళ్లు వేరే చోట కొనుక్కున్యారు. దూది ఏకే ఆడోళ్లిద్దరికీ పని లేదని చెప్పి పంపిచ్చినా. నువ్వు నవ్వుతాండావ్." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నేను పోయి నా కుర్చీలో కూర్చుని, ఎవరినీ అడక్కుండా, మూడు బాణాలూ తీసేశాను. చేయి ఆగలేదు. కోయిలకుంట్ల, దొర్నిపాడు, ప్యాపిలి, నేను గీసిన ప్రతి బాణమూ తీసేశాను. తెర మొత్తం ఎర్రబడింది. మధ్యాహ్నం పైవాళ్ల మీటింగు ఉంది. ఫోన్లు ఒకేసారి మోగాయి.

"ముడులిప్పింది ఎవుడప్పా?" తలుపు వెనక నుంచి అరుపు.

"నేనే సార్."

"నీ పని జెప్తా. ముందు ఈ పరుపు తీయించు."

చాచా తెర చూశాడు, చెప్పులేసుకున్నాడు, పరుపు చుట్టుకుని మెట్లు దిగాడు. సారు బయటికొచ్చి, "నీకు ముడెయ్యడం వచ్చు గానీ యాడ ఇప్పగూడదో తెలీదప్పా. ఇంగ ఇంటికి పో" అన్నాడు. పోయాను. మూడో రోజున మా వీధిలోకి క్రేను వచ్చింది, మెత్తటి నేల మీదే నిలబడి స్తంభం పెరికింది. అంతకుముందు నిలబడదన్న క్రేను అదే. వారంలో పైపు పడింది, గుంత మట్టితో పూడింది. అప్పటికి పెళ్లిళ్లు అయిపోయాయి.

ఇప్పుడు నాకు తల నెరుస్తోంది. ఈ వయసులో అదే కుర్చీలో కూర్చుంటే అన్ని బాణాలూ ఒక్కసారిగా తీసేస్తానా? ముందు ఎవరికో ఒక మెయిలు పెడతాను, జవాబు కోసం రెండు రోజులు చూస్తాను, ఈలోగా టీ తాగుతాను. తెలివి పెరగడమంటే ఇదేనని నాకు నేను చెప్పుకుంటాను. ఆ ఇరవై మూడేళ్లవాడు ఎదురుపడితే నన్ను చూసి నవ్వుతాడు. వాడికా హక్కుంది.

నన్ను పంపేశాక మా వీధి రోడ్డు టికెట్టును దొర్నిపాడు దగ్గరి ఒక కల్వర్టు పనికి ముడివేశారని పాత సహోద్యోగి చెప్పాడు. ఆ కల్వర్టు ఏదో, అసలు ఉందో లేదో ఆయనకూ తెలియదు. చాచా అంగడి ముందర ఇప్పటికీ మట్టి రోడ్డే.