పప్పు ఉడికిన రోజు

పదకొండేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. మోస్తున్నానని చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడాలి, ఎందుకంటే దాని బరువంతా నిజంగా మోసింది ఇంకొకరు. నేను వేళకు తిన్నాను, పడుకున్నాను, జాకెట్లు కుట్టుకున్నాను. కాకపోతే ఎవరైనా నన్ను చూసి ‘నీ అంత ముక్కుసూటి మనిషి లేదే’ అన్నప్పుడల్లా లోపల కలుక్కుమనేది.

నా పేరు మీకెందుకు గానీ, నోటి దురుసు మనిషినని మాత్రం తెలుసుకోండి. రేషను వరుసలో ఎవరన్నా మధ్యలో దూరితే చెయ్యి పట్టుకుని బయటికి లాగేదాన్ని. ఉన్నమాటంటే ఉలుకెక్కువని ఎదుటివాళ్ళ మొహం మీదే అనేదాన్ని. అలాంటిదాన్ని ఒక ఇల్లు అమ్మడానికి ఏం చేశానో చెప్తాను. కాస్త ఓపిక పట్టండి. గబగబా చెప్పెయ్యాలని చాలాసార్లు కూర్చున్నాను, చేతకాలేదు.

చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే దారిలో ఒక ఊరి చివర, కాలనీలో మాకు రెండు గదుల డాబా ఉండేది. మా ఆయన దగ్గర్లోని పత్తి మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడింది. తెలిసినవాళ్ళు మంగళగిరిలో ఒక ఆఫీసులో స్టోరు చూసుకునే పని ఇప్పించారు. నేను కూడా అక్కడికి పోయి కుట్టు మిషను పెట్టుకుంటే బతుకు గట్టెక్కుతుంది. కానీ ఇల్లు అమ్ముడుపోతే గదా కదిలేది.

ఇల్లు చక్కటిదే. దాని జబ్బల్లా ఒకటే, నీళ్ళు. ఆ కాలనీలో ఏ బోరు తవ్వినా ఉప్పే. స్నానం చేస్తే జుట్టు పీచులా అయ్యేది, గిన్నెలు తోమి బోర్లిస్తే తెల్లటి పొర కట్టేది. వండుకోవడానికీ తాగడానికీ అందరం చెరువు నీళ్ళు క్యాన్లతో కొనుక్కునేవాళ్ళం. ఇక కందిపప్పు సంగతి చెప్పక్కర్లేదు. బోరు నీళ్ళలో పొద్దున పెడితే సాయంత్రానికి కూడా పలుకు పలుకుగానే ఉండేది.

ముందు వచ్చిన ముగ్గురూ ఇల్లంతా మెచ్చుకుని నీళ్ళ దగ్గరే ఆగిపోయారు. ఒకాయన గుక్క నోట్లో పోసుకుని మా మందార చెట్టు మొదట్లో ఉమ్మేశాడు. ఒకావిడ నా సబ్బు అడిగి తీసుకుని చేతులు రుద్దుకుంది, నురగ రాలేదు, సబ్బు తిరిగి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మూడో ఆయన అదీ లేదు, పంపు చుట్టూ కట్టిన ఉప్పు చూసి గేటు దగ్గరే చెప్పులేసుకున్నాడు.

అప్పుడు పట్టింది నాకు పంతం.

పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు ఇల్లు ముస్తాబు చేశాను. నల్లరేగడి నేల కదా, ఎండలకు గోడలు బీటలు తీస్తాయి. వాటిల్లో పుట్టీ కూరి రంగు వేయించాను. గడపకు పసుపు, గేటుకు నీలం పెయింటు, కిటికీలకు నేనే కుట్టిన పూల కర్టెన్లు. ఇదంతా తప్పని నేననుకోను. పైన పటారం, లోన లొటారం అని ఎవరైనా అంటే అననివ్వండి, అమ్మేవాళ్ళందరూ చేసే పనే, కొనేవాళ్ళకూ తెలిసిన పనే. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. కానీ పెళ్ళి చేసినవాళ్ళు ఆ కాపురం చూడ్డానికైనా పోతారు. నేను పోలేదు.

పంపులన్నిటినీ చింతపండూ నిమ్మచెక్కలూ పెట్టి ఉప్పు పొర పోయేదాకా తోమాను. డాబా మీది ట్యాంకులో బోరు నీళ్ళు మొత్తం వదిలేయించి, కడిగించి, ట్యాంకరు పిలిపించి చెరువు నీళ్ళతో నింపించాను. క్యాన్లు తీసుకుపోయి పక్కింటి వెంకట్రావమ్మ వంటింట్లో పెట్టాను. ఆవిడ ఎందుకని అడగలేదు. రేపు మేమూ అమ్ముకోవాలిగా అంది, అంతే. కొనేవాళ్ళు మోటారు వేసి చూపించమంటే ఎలా అని మా ఆయన గొణిగాడు. ఫ్యూజు పీకి జేబులో వేసుకో, కరెంటు లేదని చెప్పు అన్నాను. ఇదంతా ఆయన ఆలోచనేనని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ప్రతి ముక్కా నాదే.

నాలుగోసారి వచ్చింది మస్తాన్‌బీ. భర్త ఆటో నడిపేవాడు. ఆమె చిలకలూరిపేట బస్టాండు దగ్గర అద్దె గదిలో కూరలు వండి అమ్మేది. సొంత ఇల్లుంటే అక్కడే పెద్ద పొయ్యి పెట్టుకోవచ్చని ఆశ. నాకంటే చిన్నది, నెమ్మదస్తురాలు. ఇల్లంతా చూసింది, కర్టెన్లు పట్టుకుని మీరే కుట్టారా అని మురిసింది. నీళ్ళు తాగి చూసింది. తలూపింది. అయిపోయిందిలే అనుకుంటున్నాను. అప్పుడు కొంగు ముడి విప్పింది. అందులో గుప్పెడు కందిపప్పు.

ఏమీ అనుకోవద్దనీ, తమ బతుకంతా పప్పు మీదే ఉందనీ, ఒక్కసారి మీ పొయ్యి మీద ఉడికించుకుని చూస్తాననీ అడిగింది. కుక్కరు ఇవ్వబోతే వద్దంది; కుక్కర్లో అయితే ఏ నీళ్ళ గుట్టూ బయటపడదట. మామూలు గిన్నె తీసుకుని తన చేత్తోనే పంపు తిప్పి నీళ్ళు పట్టుకుంది. మే నెల మధ్యాహ్నం. ఫ్యూజు మా ఆయన జేబులో ఉంది కాబట్టి ఫ్యాను తిరగదు. పొయ్యి ముందు నిలబడి ఆమెకు చెమటలు కారుతుంటే నేను ఒక అట్టముక్క తీసుకుని విసిరాను. ఎంత మంచిదాన్నో చూడండి.

పప్పు ఉడికింది. నాలుగు గింజలు తీసి వేళ్ళ మధ్య నొక్కింది, వెన్నలా నలిగింది. నా అరచేతిలో కాస్త పెట్టింది, తనూ కాస్త తింది. అప్పుడు అడిగింది.

“నీళ్ళు ఎప్పుడూ ఇట్టాగే ఉంటాయా అక్కా?”

“ఆ,” అన్నాను.

నోట్లో ఆమె పెట్టిన పప్పు ఉంది. ఎక్కువ మాట్లాడటానికి వీల్లేకపోయింది కూడా. ఆ ఒక్క అక్షరం కోసం నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. కానీ ఈ ఒప్పుకోలు దాని గురించి కాదు. అదే అయితే ఎప్పుడో మర్చిపోయేదాన్నేమో, నలుగురూ చేసే మోసమేలే అని. అసలుది ఇంకా ఉంది.

వాళ్ళు కొన్నారు. మేం మంగళగిరి వచ్చేశాం. రెండు వారాలకు ఆమె ఫోను చేసింది. తిడుతుందని గట్టిగా ఊపిరి పీల్చుకుని ఎత్తాను. తిడితే నాలుగు నేనూ తిట్టేదాన్ని, అక్కడితో పోయేది. ఆమె తిట్టలేదు. అక్కా, ట్యాంకు ఖాళీ అయి మోటారు వేసినప్పటి నుంచీ నీళ్ళు ఉప్పగా వస్తున్నాయి, పప్పు ఉడకడం లేదు, మీరున్నప్పుడు ఎప్పుడన్నా ఇట్టా అయిందా, అయితే ఏం చేసేవాళ్ళు అని అడిగింది. నా సలహా అడిగిందండీ. నన్ను అనుమానించడం కూడా ఆమెకు రాలేదు.

అప్పుడు నేనన్న మాట ఇది. “మేమున్నన్నాళ్ళూ బాగానే ఉండేవమ్మా. మీరొచ్చాకే మారాయేమో మరి.”

ఎందుకన్నాను? భయమా? ఇల్లు వెనక్కి తీసుకోమంటారనా? కొంత అదే. కానీ భయం ఒక్కటే అయితే తెలియదని చెప్పి పెట్టేసేదాన్ని. నేను ఒక అడుగు ముందుకేసి తప్పును తీసుకెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను. అంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. మా ఆయన పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు. తల ఎత్తి నా వైపు చూసి, మళ్ళీ దించుకున్నాడు. ఆ తర్వాత మేమిద్దరం ఆ ఇంటి మాట ఎత్తలేదు.

మన వైపు సంగతి మీకు తెలుసు. కొత్త కోడలు వచ్చాక బర్రె ఈనితే ఆమె కాలు మంచిది, చస్తే ఆమె కాలు చెడ్డది. ఏ మతమైనా ఈ పిచ్చి ఒకటే. మస్తాన్‌బీ నా మాటను యథాతథంగా ఇంట్లో చెప్పిందట. ఆమె అత్త అందుకుంది. ఇల్లు కొనక ముందు పప్పు ఉడికిందని నువ్వే చెప్పావు, నువ్వు గడప తొక్కాక ఉడకడం మానేసింది, ఇంకేం కావాలి అని. చుట్టుపక్కల బోర్లన్నీ ఉప్పేనని తెలిశాక కూడా, ఈ ఒక్కటీ బాగుండేదట, నువ్వొచ్చి దాన్నీ చెడగొట్టావు అందట. పాపం ఆమె మోసపోకూడదని జాగ్రత్తగా పెట్టుకున్న పరీక్షే ఆమె మీద సాక్ష్యం చెప్పింది.

ఇవన్నీ వెంకట్రావమ్మ ఫోన్లలో నాకు చేరేవి. మస్తాన్‌బీ భర్త తెల్లారుతూనే ఆటోలో డ్రమ్ములేసుకుని చెరువు నీళ్ళు తెస్తున్నాడని, ఆ తర్వాతే బేరాలకు పోతాడని. ఆమె నడుము పట్టేసిందని. మరిది కొత్త ఆటో కొన్నప్పుడు ఆమెను ఎదురు రావద్దన్నారని. ఆడబిడ్డ కొడుక్కి పేరు పెట్టేనాడు వంటంతా ఆమె చేత చేయించి, ఉయ్యాల దగ్గరికి మాత్రం రానివ్వలేదని. ఆ బోర్లన్నీ పుట్టుకతోనే ఉప్పని వెంకట్రావమ్మకు తెలుసు. ఆవిడా చెప్పలేదు, వీధి మొత్తం చెప్పలేదు. ఇప్పుడెందుకులే అనేది ప్రతిసారీ. అవున్లే అనేదాన్ని నేను. ఆ తర్వాత ఫోను పెట్టేసి, ఎవరో జాకెట్టు గుడ్డ తక్కువ తెచ్చి ఎక్కువ తెచ్చానని బొంకితే వాళ్ళ దుమ్ము దులిపేదాన్ని.

ఒక్క ఫోను. అదీ నిమిషం పట్టదు. పదకొండేళ్ళలో ఆ నిమిషం దొరకలేదా నాకు? దొరికింది. చాలాసార్లు నంబరు తీసి చూసుకున్నాను. చెబితే ఆమె ఏమంటుందోనని కాదు భయం. నేనేమిటో నాకు తెలిసిపోతుందని.

పది రోజుల కిందట కుట్టు కొట్టు కొత్త గదిలోకి మార్చాను. తలుపుకు బంతిపూల దండ కట్టి, దీపం పెట్టి, మిషను ముందు కూర్చున్నానో లేదో ఒక పిల్ల లోపలికి వచ్చింది. పెళ్ళికి మంగళగిరి చీరలు కొనుక్కున్నారట, జాకెట్లు కుట్టాలట. ఎవరితో వచ్చావమ్మా అంటే పెద్దమ్మతో అని వీధిలోకి చూపించింది. మెట్టు కింద, ఎండలో, సంచులు పట్టుకుని మస్తాన్‌బీ నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి పోల్చుకుని నవ్వింది. నిజంగా సంతోషంగానే నవ్వింది.

లోపలికి రామ్మా అన్నాను.

“పర్లేదక్కా, పిల్ల కొలతలు తీసుకోండి. కొత్త కొట్టు గదా, నేను ఇక్కడే ఉంటా. నా కాలు మంచిది కాదు.”

ఏడుస్తూ అనలేదు. ఎత్తిపొడుపుగానూ అనలేదు. నాకు షుగరుంది, టీలో చక్కెర వద్దు అని చెప్పినట్టు చెప్పింది. నా కొట్టుకు మంచి జరగాలని ఎండలో నిలబడింది.

నేను మెట్టు దిగాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. నీళ్ళు మొదటినుంచీ ఉప్పేనన్నాను. ట్యాంకరు అన్నాను, ఫ్యూజు అన్నాను, ఫోన్లో చెప్పింది అబద్ధమన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. ఆమె సంచులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. పప్పు ఉడికింది కదక్కా అంది ఒకసారి, తనకు తాను చెప్పుకున్నట్టు. అది చెరువు నీళ్ళమ్మా అన్నాను మళ్ళీ.

“మా అత్త పోయి రెండేళ్ళయింది,” అంది. “పోయేదాకా ఆ మాటే అంది. ఇప్పుడు ఎవరికి చెప్పమంటారు?”

ఇప్పుడైనా లోపలికి రమ్మన్నాను, చెయ్యి పట్టుకోబోయాను. వద్దులే అక్కా అని చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్లను పిలిచింది. ఇద్దరూ చీరలు తీసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయారు. కోపంగా వెళ్ళి ఉంటే బాగుండేది. మామూలుగా వెళ్ళింది.

చెప్పాక నాకు తేలికైంది. దాచడమెందుకు, ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. అందుకు ఇంకో సిగ్గు. నాకు దిగిన బరువు ఆమెకు దిగిందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు కూడా నాకు లేదనుకుంటాను.

కానీ ఎవరికి చెప్పమంటారని అడిగింది గదా. ఆ మాట నన్ను వదలడం లేదు. అత్తకు చెప్పలేను. వీధికి చెప్పాలంటే వెంకట్రావమ్మకు చెప్పాలి, ఆవిడకు తెలియనిదేముంది. అందుకని తెలియని మీకు చెప్తున్నాను. ఆ ఇంటి నీళ్ళు ఆమె రాకముందు నుంచీ ఉప్పే. మస్తాన్‌బీ కాలు మంచిది.