కాలరమ్మ ఇచ్చిన పాట

బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది కాబట్టి అందరూ ఆమెను కాలరమ్మ అనేవారు. మొగుడు వదిలేసి వెళ్ళాక తమ్ముడి ఇంట్లో, వంటగది పక్కన ఇరుకు గదిలో ఉంటోంది. మరదలు నోటితో ఏమీ అనేది కాదు, గిన్నెలతో అనేది.

ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఫోనులో ఒక పాట. ఎవరో కొత్తమ్మాయి పాడింది. ఆ ఒక్కటే పాడి ఎటు పోయిందో ఏమో, విన్నవాళ్ళు కూడా తక్కువే. "పడితే పడ్డావులే, లే, పొద్దింకా ఉంది" అని మొదలవుతుంది. మొదట్లో చప్పట్లు తప్ప వాయిద్యమే ఉండదు. రెండో చరణంలో పైకి వెళ్ళబోయి ఆ పిల్ల గొంతు జీరపోతుంది. దిద్దకుండా అలాగే వదిలేశారు. జీరపోయిన చోటే ఆ పిల్ల ఫక్కున నవ్వుతుంది, అప్పుడు డ్రమ్ములు అందుకుంటాయి. అక్కడికి వచ్చేసరికి కాలరమ్మకు ఒళ్ళు తేలికయ్యేది. ఇంత మంచి పాట ఎవరికీ తెలియదే అని బాధగా కూడా ఉండేది.

ఒకరోజు భోజనాల వేళ పక్క మిషను పిన్నికి వినిపించింది. వరసకు పిన్నేమీ కాదు, జేబులు కుట్టే పెద్దావిడ.

"ఇదేం పాటే, కుదురుగా కూర్చోనివ్వడం లేదు!" అంటూ పిన్ని డబ్బా మూత మీద దరువేసింది. చుట్టూ ఆడవాళ్ళు చేరారు. ఆ మధ్యాహ్నం లైనంతా కూనిరాగాలే. పని కూడా చకచకా సాగింది.

అది సూపర్‌వైజరు కంట పడింది. "ఏం పాటమ్మా అది? నాకూ పంపు" అన్నాడు. తనకు నచ్చినదాన్ని ఇంకొకరు అడగడం ఆమెకు అదే మొదలు. మురిసిపోతూ పంపింది.

మర్నాడు ఫ్యాక్టరీ స్పీకర్లలో అదే పాట. ఆడవాళ్ళు ఈలలు వేశారు. ఆ తర్వాత పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అదే. టార్గెట్ పెంచారు. అందుకోలేకపోతుంటే పాట వేగం పెంచారు. ఆ పిల్ల గొంతు ఉడత కిచకిచలా మారింది. జీరా లేదు, నవ్వూ లేదు. ఎవరైనా మంచినీళ్ళకు లేస్తే సూపర్‌వైజరు మైకులో, "పొద్దింకా ఉందమ్మా, వినబడట్లేదా?" అని వెక్కిరించేవాడు.

"ఎంత పని చేశావే! నీ పాట మా ప్రాణాలు తోడేస్తోంది" అని తిట్టి, ఆడవాళ్ళు ఆమె పక్కన తినడం మానేశారు. పిన్ని ఒక్కతే కూర్చునేది.

ఆ పిన్ని వేల్లోకే సూది దిగింది. గోరు చీలి, విరిగిన సూది ముక్క లోపలే ఉండిపోయింది. స్పీకరు ఆగలేదు. కాలరమ్మ సూపర్‌వైజరు దగ్గరకు పరిగెత్తింది.

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటా, ఆ పాట ఆపండి."

"నువ్విచ్చిందేగా!" అతను నవ్వి మైకు అందుకున్నాడు. "ఇంత మంచి పాట ఇచ్చిన మన కాలరమ్మకి అందరూ చప్పట్లు కొట్టండి."

కొట్టారు. ఆమె మొహంలోకి చూస్తూ, పళ్ళు బిగించి కొట్టారు.

వేలు చీము పట్టి పిన్ని పనికి రాలేకపోయింది. వారం తిరక్కుండా తీసేశారు. చూడ్డానికి వెళ్ళిన కాలరమ్మను ఆమె గడప దగ్గరే నిలబెట్టింది.

"నీ తప్పేం లేదని తెలుసే. కానీ నిన్ను చూస్తే చెవిలో అదే మోగుతోంది. ఇంక రాకు తల్లీ." తలుపు వేసేసింది.

కాలరమ్మ ఫోనులోంచి పాట తీసేసింది. ఫ్యాక్టరీలో మాత్రం మోగుతూనే ఉంది. పెడలు మీద ఆమె కాలు దానితో పాటే ఆడుతోంది, ఆపుదామన్నా ఆగదు.

పిన్ని మిషను మీద కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. "అక్కా, పాట భలే ఉంది. ఎవరు పాడారు?" అని అడిగింది ఆ పిల్ల.

"ఎవరో. పని చూసుకో" అంది కాలరమ్మ, తల ఎత్తకుండా.