ఆకు విడిచే గాలి

సిద్దిపేట పాత బస్టాండు దారిలో సోడా భిక్షపతిని ఎరగని నాలుక లేదు. నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు వేసి, గోలీ నొక్కి కీచుమనిపించి ఇస్తే హుస్నాబాద్ బస్సు కదులుతున్నా దిగొచ్చి తాగేవాళ్లు. ఇంటి ముందరి గదిలో సోడా మిషను, దాని పక్కన సోడా గ్యాసు బండ. పక్క గదిలో మంచం, మంచం మీద భార్య కొమురవ్వ. మిషను తిరిగే చప్పుడూ ఆమె దగ్గూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, రెండూ ఆ ఇంటి చప్పుళ్లే అయిపోయాయి.

కొమురవ్వకు దమ్ము జబ్బు. తొంభై రెండు చలికాలంలో దవాఖానలో పదకొండు రోజులుంది. ముక్కుకు గాలి గొట్టం, చేతికి సెలైను. నిమిషానికి ఇరవై చుక్కలు దాటనియ్యకు అని నర్సు చెబితే, భిక్షపతి గోడ గడియారం చూస్తూ లెక్కబెట్టాడు. ఇంటికొచ్చేటప్పుడు ఆ సెలైను పైపును కూడా కడిగి సంచిలో వేసుకొచ్చాడు. ఏదీ పారేసే మనిషి కాడు.

బస్సు పొగ, రోడ్డు దుమ్ము పడితే చాలు ఆమెకు ఊపిరాడదు. అందుకని వీధి వైపు కిటికీ మూసేసి, సందుల్లో పాత పేపర్లు మైదాతో అతికించాడు. గదిలో పట్టపగలే మునిమాపు.

మంచం దిగలేని మనిషికి పొద్దెట్లా పోవాలి? కాలేజీ ప్రయోగశాలలో అటెండరు జాఫర్ రోజూ సోడా తాగే పాత దోస్తు. ప్రయోగ పరీక్షలయ్యాక, మూల పగిలిందని పక్కన పడేసిన గాజు తొట్టిని లప్పం పెట్టి పట్టుకొచ్చాడు. నీళ్లు నింపి, నాలుగు చిన్న చేపలు వదిలి, పరీక్షల్లో వాడిన నీటిమొక్క తీగలు నాటాడు. పేరు హైడ్రిల్లా అన్నాడు. కొమురవ్వకు నోరు తిరగలేదు. "నాచుపిల్ల" అని తనే పేరు పెట్టుకుంది.

"ఎండ వడ్తే దీని ఆకులకు బుడగలొస్తయ్ చెల్లె, ముత్యాల లెక్క" అన్నాడు జాఫర్. "అది ఉత్త గాలి గాదు. దవాఖానల నీ ముక్కుకు వెట్టిన్రు సూడు, గదే గాలి."

"గింత ఆకు గంత పని చేస్తదా భాయ్?"

"చేస్తది. దాని తిండి మీ ఆయన బండల్నే ఉన్నది. ఆ గ్యాసు తిని, ఎండ తోడుంటే మంచి గాలి ఇడుస్తది."

కొమురవ్వ నవ్వింది. "ఇరవై ఏండ్ల సంది గాలి అమ్ముతుండు గని, ఒక్కనాడన్న నాకు పనికొచ్చే గాలి తేలేదు. ఒక్కసారి సూడాలె భాయ్ ఆ ముత్యాలు."

ఆ మాట భిక్షపతికి గుచ్చుకుంది. మర్నాడే పని మొదలుపెట్టాడు. బండకు మీటరు బిగించి, గ్యాసును సన్నగా సెలైను పైపులోకి వదిలాడు. పైపు మధ్య చుక్కలు పడే బుర్రలో కాసిన్ని నీళ్లుంచి తలకిందులు చేశాడు. ఇప్పుడందులో చుక్కలు పడవు, బుడగలు లేస్తాయి. పైపు కొసన వేపపుల్ల ముక్క దూర్చితే దాని నరాల్లోంచి గ్యాసు పొగలా సన్నగా నీళ్లలో కలిసింది. పైపు మీది చక్రాన్ని తిప్పుతూ నిమిషానికి ఇరవై బుడగలకు నిలిపాడు. అతనికి తెలిసిన లెక్క అదొక్కటే.

వారానికి కొత్త చిగుళ్లు వేసింది నాచుపిల్ల. ముత్యాలు మాత్రం రాలేదు.

"ఇయ్యాల వస్తయా?" అనేది కొమురవ్వ.

"రేపు" అనేవాడు.

గ్యాసు చాలట్లేదనుకున్నాడు. సోడా మనిషికి అంతకంటే ఏం తోస్తుంది! ఇరవైని నలభై చేశాడు, అరవై చేశాడు. రాత్రి కూడా కట్టేయలేదు. తెల్లవారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి అప్పటికే వెల్లకిలా తేలింది.

"అటు సూడయ్యా" అంది కొమురవ్వ, కళ్ల నీళ్లతో. "నా లెక్కనే ఎగపోస్తున్నయ్."

జాఫర్ వచ్చి చీవాట్లు పెట్టాడు. "చీకట్ల ఆకు గ్యాసు తినదు భిక్షపతీ. అది గూడ మన తీర్గనే మంచి గాలి పీలుస్తది. పొద్దూకంగనే బంద్ చెయ్యాలె. అయినా నీకు కావల్సింది గ్యాసు గాదు, ఎండ."

ముగ్గురూ కిటికీ వైపు చూశారు.

"ఒక్క గడియ తెరువు" అంది కొమురవ్వ. "ముక్కుకు కొంగు వెట్టుకుంట."

"దుమ్మొస్తది."

"రానియ్యి."

"నీకు చెట్టు గావాల్నా, పానం గావాల్నా?" అని కసిరాడు భిక్షపతి. ఆమె మళ్లీ అడగలేదు.

తొట్టిని బయటికి మోద్దామంటే లప్పం మూల ఊడుతుంది. ఆమెను మోద్దామంటే బయటంతా దుమ్మే. వంద క్యాండిళ్ల బల్బు వేలాడదీశాడు గానీ, ఎండాకాలం కరెంటు పగలు ఎంతసేపుంటుందని! పొద్దున చక్రం తెరవడం, సాయంత్రం మూయడం, అదే అలవాటైంది. ఎప్పుడైనా మరిచిపోతే మంచం మీంచి గుర్తుచేసేది. "సోడా బంద్ చేసినవా? పాపం, వాటికి దమ్మాడాలె."

ఒక మంగళవారం పొద్దున చక్రం తెరిచి, ఇరవై లెక్కబెట్టి, "కొమురా, చాయ తాగుతవా?" అంటూ తిరిగాడు. జవాబు రాలేదు. దగ్గరికెళ్లి చేయి పట్టుకుని చూశాడు.

వాడకట్టంతా వచ్చింది. ఆమెను అరుగు మీద పడుకోబెట్టారు. పక్కింటి నర్సమ్మ లోపలికొచ్చి, గదిలో మనిషి నిలబడేట్టు లేదని, పేపర్లు చించి కిటికీ రెక్కలు బార్లా తోసింది.

ఎండ పైకెక్కాక, ఆమె పసుపు చీర తేవడానికి భిక్షపతి ఆ గదిలోకొచ్చాడు. పెట్టె మూత ఎత్తబోయి ఆగిపోయాడు. ఎండ నేరుగా తొట్టి మీద పడుతోంది. నాచుపిల్ల ప్రతి ఆకు కొసనా తెల్లటి పూస. ఒక్కొక్కటే ఊడి, వరసకట్టి, దారం గుచ్చినట్టు పైకి పోతోంది. మూడు చేపలు వాటి మధ్య తిరుగుతున్నాయి.

తలుపు దగ్గర నిలబడ్డ జాఫర్ కూడా చూశాడు. భిక్షపతి భుజం మీద చెయ్యి వేశాడు.

మిరుదొడ్డి బస్సు వీధిలోంచి పోయింది. దుమ్ము గుప్పున లోపలికొచ్చింది.

"దుమ్మొస్తున్నది తమ్మీ, కిటికీ మూస్త" అంటూ నర్సమ్మ గదిలోకొచ్చింది.

"రానియ్యి అక్కా" అన్నాడు భిక్షపతి.